బ్యాండ్‌మాస్టర్ కోర్సుకి ఎనిమిది నెలల గడువుంది, ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న: సైనిక బ్యాండ్‌లో తొమ్మిదేళ్ళుగా క్లారినెట్ వాయిస్తున్నాను. బ్యాండ్‌మాస్టర్ కోర్సు ఎంపిక పరీక్షకి నా పేరు పంపారు. ఇంకా ఎనిమిది నెలల గడువుంది. రోజూ అద్దం ముందు నిలబడి రికార్డింగులకి బాటన్ (బ్యాండ్‌ని నడిపే చిన్న కర్ర) ఊపుతున్నాను గానీ ఇది సరైన సాధనేనా అన్న అనుమానం పీడిస్తోంది. పోయిన నెల మా బ్యాండ్‌మాస్టర్ సెలవులో ఉంటే ఒక పరేడ్‌కి బ్యాండ్ నాకు అప్పగించారు. చివరి కంటింజెంట్ (కవాతు దళం) డయస్ దాటకముందే మేం వాయిస్తున్న మార్చ్ అయిపోయింది. ఏం చెయ్యాలో తోచక అలాగే నిలబడిపోయాను. ఇంకో ఇబ్బంది, నిన్నటిదాకా పక్కన కూర్చున్నవాళ్ళు, నాకంటే సీనియర్లు తప్పు వాయిస్తే చెప్పడానికి నోరు రావడం లేదు. ఈ ఉద్యోగంలో రోజులు ఎలా గడుస్తాయి? క్లారినెట్ మానేయాల్సిందేనా?

సమాధానం: రికార్డింగుకి బాటన్ ఊపడం ఈరోజుతో ఆపేయండి. రికార్డింగు మీ చెయ్యి చూసి వాయించదు, మీరే దాని వెంట పోతారు. ఎనిమిది నెలలు అలా చేస్తే చెయ్యి శబ్దానికి ఒక అర క్షణం వెనక నడవడం అలవాటవుతుంది. అసలు బ్యాండ్ ముందు నిలబడ్డ రోజున మీరు వాళ్ళకోసం, వాళ్ళు మీకోసం ఎదురుచూస్తూ కాలప్రమాణం జారిపోతుంది. అద్దం ఉంచుకోండి, పాట తీసేయండి. మెట్రోనోమ్ కూడా అక్కర్లేదు. స్కోరు (అన్ని వాద్యాల స్వరాలూ ఒకేచోట రాసిన కాగితం) మనసులో వింటూ, నోటితో బేస్ లైన్ (అట్టడుగు స్వరాల వరస) పాడుతూ చెయ్యి కదపండి. మీ చెయ్యి చూసి ఎవరైనా ఊపిరి తీసుకోగలరా అన్నదే పరీక్ష.

ముందు మీ పరేడ్ సంగతి తేల్చుకుందాం. అది మిమ్మల్ని ఇంకా బాధపెడుతోందని ఉత్తరంలో తెలుస్తోంది. అక్కడ జరిగింది సంగీతంలో పొరపాటు కాదు, లెక్క వేయకపోవడం. ఆ లెక్క ఎలా వేస్తారో చూడండి.

ఆరు కంటింజెంట్లు ఉన్నాయనుకోండి. ఒక్కోటి ముందు నుంచి వెనకకి 12 మీటర్లు, రెండింటి మధ్య ఖాళీ 18 మీటర్లు. మొత్తం వరస పొడవు 162 మీటర్లు. వందనం మొదలయ్యే జెండా నుంచి ముగిసే జెండా వరకు 40 మీటర్లు. కదిలే గీత నుంచి మొదటి జెండా వరకు మరో 60. అంటే మొదటి అడుగు పడ్డప్పటి నుంచి చివరి మనిషి చివరి జెండా దాటేదాకా వరస 262 మీటర్లు జరగాలి. అడుగు 75 సెంటీమీటర్లయితే దాదాపు 350 అడుగులు. మార్చ్‌లో బార్‌కి, అంటే తాళంలో ఒక ఆవృత్తికి, రెండు అడుగులు కాబట్టి 175 బార్లు కావాలి.

ఇప్పుడు మామూలు మార్చ్ ఒకటి తీసుకోండి. ఎత్తుగడ 4 బార్లు, మొదటి స్ట్రెయిన్ (పాటలో ఒక ఖండం) 16 బార్లు రెండుసార్లు, రెండోది 16 రెండుసార్లు, ట్రియోకి (మార్చ్‌లో శ్రుతి మారే రెండో భాగానికి) ముందు 4, ట్రియో 16 రెండుసార్లు, మధ్యలో హోరెత్తే భాగం 24, చివరిగా ట్రియో మళ్ళీ 32. కూడితే 160. పదిహేను బార్లు తక్కువ. మీకు జరిగింది అచ్చం ఇదే అయి ఉంటుంది.

ఇక్కడ చాలామంది పొరపడే సంగతొకటి ఉంది. వాళ్ళు నిమిషాల్లో లెక్క వేస్తారు. బార్లలో వేస్తే కాలప్రమాణం 116 అయినా 120 అయినా లెక్క మారదు, ఎందుకంటే అడుగూ బీటూ కలిసే నడుస్తాయి. మారేది అడుగు పొడవును బట్టి. నేల తడిగా ఉన్నా, మనుషులు అలసిపోయినా అడుగు 70 సెంటీమీటర్లకి పడిపోతుంది. అప్పుడు అదే 262 మీటర్లకి 374 అడుగులు, అంటే 187 బార్లు. అందుకే లెక్కకి వచ్చినదానికంటే కనీసం నాలుగో వంతు ఎక్కువ సంగీతం సిద్ధంగా ఉంచుకోవాలి, దాన్ని ఏ స్ట్రెయిన్ చివరైనా ఆపగలిగేలా సాధన చేయించాలి. వెనక్కి తిరిగే దారి ముందే పార్టుల్లో (ఒక్కో వాద్యానికి విడిగా రాసిన కాగితాల్లో) పెన్సిల్‌తో రాయించండి: చివరి స్ట్రెయిన్ అయ్యాక ఎత్తుగడ వదిలేసి నేరుగా మొదటి స్ట్రెయిన్‌కి, రిపీట్లు లేకుండా. మీ ఎడమ చేతి సంకేతం ఏదో, అది ఎన్ని బార్ల ముందు వస్తుందో అందరికీ తెలిసి ఉండాలి. నాలుగు బార్ల ముందు సరిపోతుంది, రెండు బార్లయితే వెనక వరసకి అందదు. ఏదీ కుదరకపోతే డ్రమ్ములు ఆగకూడదు. ఇదొక్కటి పర్కషన్ వాళ్ళకి శాసనంలా చెప్పి ఉంచండి: సంగీతం తెగినా, బ్యాండ్‌మాస్టర్ తడబడినా, అడుగు నడుస్తున్నంతసేపూ బేస్ డ్రమ్ నడుస్తుంది. పాట లేకుండా డ్రమ్ మీద కంటింజెంట్లు ఎంత దూరమైనా పోగలవు, డ్రమ్ ఆగితే పది అడుగుల్లో కాళ్ళు చెదిరిపోతాయి.

దీన్నిబట్టి సైనిక బ్యాండ్ నడిపేవాడి పని స్వభావం మీకు అర్థమవుతుంది. కచేరీ హాల్లో సంగీతం అయిపోయినప్పుడు కార్యక్రమం అయిపోతుంది. ఇక్కడ కార్యక్రమం వేరేవాళ్ళది. అది ఎక్కడ ముగుస్తుందో అక్కడ సంగీతాన్ని అందంగా ముగించాలి. అందుకే పరీక్షలో చేతి సొగసు కంటే చెవినీ, ముందుచూపునీ ఎక్కువ పరీక్షిస్తారు.

చెవి సంగతికి వద్దాం. తొమ్మిదేళ్ళుగా మీరు ఒకే పార్టు చదివారు. స్కోరులో పాతిక గీతలు ఒకేసారి కనిపిస్తాయి, వాటిలో సగం రాసినట్టు పలకవు. మీ బి ఫ్లాట్ క్లారినెట్ రాసిన స్వరానికి ఒక పూర్తి మెట్టు కింద పలుకుతుందని మీకు తెలుసు. ఇ ఫ్లాట్ ఆల్టో శాక్సఫోన్‌కి సి రాస్తే కిందున్న ఇ ఫ్లాట్ వినపడుతుంది. చిన్న ఇ ఫ్లాట్ క్లారినెట్‌కి అదే సి రాస్తే పైనున్న ఇ ఫ్లాట్ వినపడుతుంది. ఎఫ్ హార్న్ రాసినదానికి ఐదో స్వరమంత కింద పలుకుతుంది. రోజూ పొద్దున పదిహేను నిమిషాలు ఇదొక్కటే చెయ్యండి: బ్యాండ్ అంతా బి ఫ్లాట్ పలకాలంటే ఎవరి కాగితం మీద ఏముండాలి? క్లారినెట్‌కి సి, ఆల్టోకి జి, హార్న్‌కి ఎఫ్, ట్రాంబోన్‌కి బి ఫ్లాటే. తర్వాత మిగతా పదకొండు స్వరాలు. నెల తిరిగేసరికి ఆలోచించకుండా వచ్చేయాలి. యూఫోనియం (చిన్న ట్యూబా లాంటి ఇత్తడి వాద్యం) విషయంలో జాగ్రత్త. బేస్ క్లెఫ్‌లో (కింది స్వరాల గుర్తుతో) రాస్తే ఉన్నదున్నట్టు పలుకుతుంది, ట్రెబుల్ క్లెఫ్‌లో (పై స్వరాల గుర్తుతో) రాస్తే ఒక ఆక్టేవ్ మీద ఇంకో మెట్టు కిందకి పోతుంది. పాత సెట్లలో రెండు రకాల పార్టులూ ఉంటాయి. పాత మార్చ్‌లకి పూర్తి స్కోరు దొరకనిచోట, మూడు నాలుగు గీతలకి కుదించిన స్కోరో, మొదటి కార్నెట్ పార్టో చూసి నడపాల్సి వస్తుంది. అప్పుడు మిగతాదంతా మీ చెవే పూరించాలి.

ఎంపిక పరీక్షల్లో పార్టుల్లో కావాలని తప్పులు పెట్టి, అభ్యర్థి పట్టుకుంటాడా లేదా అని చూడడం ఉంది. తప్పులు ఎక్కడ దాక్కుంటాయో తెలిస్తే సగం పని అయినట్టే. మార్చ్‌లో అన్నిటికంటే ఎక్కువ తప్పులు ట్రియో మొదటి నాలుగు బార్లలో పడతాయి. అక్కడ శ్రుతి నాలుగో స్వరానికి మారి ఒక ఫ్లాట్ కొత్తగా చేరుతుంది. బి ఫ్లాట్‌లో నడిచిన మార్చ్ ట్రియోలో ఇ ఫ్లాట్‌కి పోతుంది, కొత్తగా వచ్చేది ఎ ఫ్లాట్. అదే స్వరం క్లారినెట్ కాగితం మీద బి ఫ్లాట్, హార్న్ కాగితం మీద ఇ ఫ్లాట్. ఆల్టో కాగితం మీద మాత్రం షార్ప్ పోయిన మామూలు ఎఫ్. క్లారినెట్లూ హార్న్లూ ఫ్లాట్ మరిచిపోతాయి, ఆల్టోలు పాత షార్ప్ వదల్లేకపోతాయి. మూడు తప్పులూ వినడానికి ఒకే స్వరం, ఎ నేచురల్. ఎక్కడో గరగరమందని తెలిసీ ఎవరో తేలకపోతే బ్యాండ్‌ని ఆపి అందరినీ ఆ ఒక్క స్వరం పట్టుకోమనండి. ముందు ట్యూబా, పైన యూఫోనియం, హార్న్లు, ఆ పైన శాక్సఫోన్లు, చివర క్లారినెట్లు. ఎవరు చేరినప్పుడు చెడిందో వాళ్ళే. ముప్పై సెకన్లు చాలు.

రోజుకి ఒక పార్టు చొప్పున మీకు రాని వాద్యాల గొంతు పాడండి. మూడో హార్న్, రెండో ట్రాంబోన్, బాసూన్. రాగం మీకు ఎలాగూ తెలుసు. లోపలి గొంతులే మీకు తెలియవు. క్లారినెట్ వాళ్ళు బ్యాండ్‌మాస్టర్లయితే బ్రాస్ (ట్రంపెట్, ట్రాంబోన్ లాంటి ఇత్తడి వాద్యాల) కష్టం పట్టించుకోరని ఒక ఫిర్యాదు ఉంది, అందులో నిజముంది. ట్రంపెట్ పెదవి కండరంతో వాయించేది. అరగంట ఆపకుండా పై స్వరాలు వాయిస్తే పెదవి వాచి శబ్దం రాదు, తిడితే అసలు రాదు. పొడవాటి పరేడ్‌కి వరస వేసేటప్పుడు రెండు మార్చ్‌ల తర్వాత ఒకసారి డ్రమ్ములు మాత్రమే నడిచేలా పెట్టండి. మొదటి కార్నెట్ పార్టుని ఇద్దరికి పంచి, స్ట్రెయిన్ మార్చి స్ట్రెయిన్ వాయించమనండి. కుదిరితే నాలుగు నెలలు ఒక బ్రాస్ వాద్యం, కార్నెట్ అయినా యూఫోనియం అయినా, రోజుకి ఇరవై నిమిషాలు నేర్చుకోండి. బాగా వాయించలేకపోయినా పర్లేదు. ఒకటో వాల్వూ మూడో వాల్వూ కలిపి నొక్కితే స్వరం ఎందుకు పైకి పోతుందో, దాన్ని మూడో స్లైడ్ జరిపి ఎలా దించుతారో మీ పెదవికి తెలియాలి.

ఆరుబయట శ్రుతి హాల్లో శ్రుతిలా ఉండదు. గాలి వేడెక్కితే వాద్యం లోపల శబ్ద వేగం పెరిగి స్వరం పైకి పోతుంది. గాలి స్తంభం ఒక డిగ్రీ సెల్సియస్ వేడెక్కితే సుమారు మూడు సెంట్లు, అంటే అర మెట్టులో దాదాపు ముప్పై మూడో వంతు. ఊపిరి వేడి కొంత సర్దుతుంది గానీ, నీడలో శ్రుతి చేసి ఎండలో అరగంట నిలబెడితే అందరూ ఒకేలా పైకి పోరు. లోపల గాలి ఎక్కువగా ఉండే ట్యూబాని ఊపిరి త్వరగా వేడెక్కించలేదు, వాయించకుండా పట్టుకున్న ఫ్లూటు బయటి గాలికి సరిపోయి ఉంటుంది. లోహపు కడ్డీల గ్లాకెన్‌స్పీల్ మాత్రం దాదాపు కదలదు. అందుకే చలిలో అందరూ కిందికి దిగినప్పుడు అదొక్కటే పైన ఉండి చెవిలో గుచ్చుకుంటుంది. కాబట్టి ఎక్కడ వాయిస్తారో అక్కడే, కార్యక్రమానికి పది నిమిషాల ముందు శ్రుతి చూడండి. అందరికీ ఒకే కొలత చెప్పకండి. ట్రంపెట్ గొట్టం మీటరున్నర, పెద్ద బి ఫ్లాట్ ట్యూబా గొట్టం ఐదున్నర మీటర్లు. ఒకే అంతరం దించడానికి ట్రంపెట్ ఐదు మిల్లీమీటర్లు లాగితే ట్యూబా దాదాపు ఇరవై లాగాలి.

ఇంకొకటి, ఆరుబయట ప్రతిధ్వని ఉండదు. హాల్లో ముచ్చటగా వినపడిన పొట్టి స్వరాలు బయట ఎండిపోయి వినపడతాయి. బయట వాయించేటప్పుడు స్వరాలని కొంచెం పొడుగ్గా పట్టమనండి. క్లారినెట్ కింది గొంతు, బాసూన్, ఫ్లూట్ మొదటి ఆక్టేవ్ గాలిలో కలిసిపోతాయి. అందుకే సైనిక బ్యాండ్ కూర్పులో పైన పికోలో, చిన్న ఇ ఫ్లాట్ క్లారినెట్, కింద బలమైన బేస్ ఉంటాయి. అసలు బేస్ ట్యూబాకి 1835లో పేటెంట్ తీసుకున్న ఇద్దరిలో ఒకరు ప్రష్యా సైనిక బ్యాండ్‌మాస్టర్ విల్‌హెల్మ్ వీప్రెఖ్ట్, ఇంకొకరు వాద్యాల తయారీదారు మోరిట్జ్. అంతకుముందున్న బేస్ వాద్యాలు బ్యాండ్‌కి చాలకపోవడమే కారణం. ఆరుబయట వినపడదని ఓబోకి ఇచ్చిన రాగాన్ని కార్నెట్ పార్టులో చిన్న అక్షరాలతో క్యూగా రాయడం మీరు ఇప్పటి నుంచే అలవాటు చేసుకోండి. సెలవుల్లో, జబ్బుల్లో మనుషులు తగ్గినప్పుడు ఆ క్యూలే బ్యాండ్‌ని కాపాడతాయి.

ముప్పై ఐదు మంది బ్యాండ్‌కి సమతూకం ఇలా ఉంటే బాగుంటుంది: పికోలోతో కలిపి ఫ్లూట్లు మూడు, ఓబో ఒకటి, ఇ ఫ్లాట్ క్లారినెట్ ఒకటి, బి ఫ్లాట్ క్లారినెట్లు ఎనిమిది, బేస్ క్లారినెట్ ఒకటి, బాసూన్ ఒకటి, శాక్సఫోన్లు నాలుగు, హార్న్లు మూడు, ట్రంపెట్లూ కార్నెట్లూ కలిపి నాలుగు, ట్రాంబోన్లు మూడు, యూఫోనియం ఒకటి, ట్యూబాలు రెండు, పర్కషన్ ముగ్గురు. మీకు ఇరవై మందే ఉంటే ముందుగా తగ్గించాల్సింది రెండో, మూడో క్లారినెట్ల సంఖ్య. ట్యూబాని ఒకటికంటే తగ్గించకండి, మూడు ట్రాంబోన్ల స్వరాలు ఎవరో ఒకరి దగ్గర తప్పక ఉండాలి. అరేంజింగ్ పరీక్షలో ఇచ్చే ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఇదే, పియానోకి రాసిన పదహారు బార్లని ఇంతమందికి పంచమంటారు. అక్కడ మార్కులు పోయేది సంగీతం తెలియక తక్కువ, హార్న్‌ని పెదవి అందనంత పైన రాయడం వల్ల, క్లారినెట్‌ని గొంతు మారే చోట అటూఇటూ పరిగెత్తించడం వల్ల ఎక్కువ. రెండోది మీకు చేతికి తెలిసిన బాధే.

ఇప్పుడు చెయ్యి. నడిచేటప్పుడు బ్యాండ్‌ని నడిపేది డ్రమ్ మేజర్ (బ్యాండ్‌కి ముందు నడిచే నాయకుడు) చేతిలోని పొడవాటి కర్ర, మేస్. నిలబడ్డాక మీ బాటన్. ఈ అప్పగింత ఎక్కడ, ఏ సంకేతంతో జరుగుతుందో ఇద్దరూ కలిసి నేల మీద నడిచి చూసుకోవాలి. రెండు సంకేతాలు ఒకేసారి కనిపించే ఒక్క క్షణం చాలు, సగం బ్యాండ్ అటు సగం ఇటు అవుతుంది. బాటన్ పొడవు 35 నుంచి 40 సెంటీమీటర్లు చాలు. బీటు పడే చోటు హాల్లోలా నడుము దగ్గర కాకుండా ఛాతీకి పైన ఉండాలి, లేకపోతే వాద్యానికి బిగించిన పార్టు కాగితం మీద కళ్ళుపెట్టిన మనిషికి కనపడదు. మీ చెయ్యి ఎలా ఉందో తెలుసుకోవాలంటే అద్దం కంటే మంచి సాధనం ఒకటుంది: ఫోన్‌ని ముప్పై మీటర్ల దూరంలో పెట్టి తీయించండి. శబ్దం మూసేసి చూడండి. బీటు ఎక్కడ పడిందో మీకే తెలియకపోతే వెనక వరసకి అసలు తెలియదు. సాధారణంగా కనిపించే దోషం, బీటు పడ్డాక చెయ్యి పడ్డంత ఎత్తుకీ ఎగరడం. అది రెండు బీట్లలా కనిపిస్తుంది.

శబ్దం సెకనుకి సుమారు 343 మీటర్లు పోతుంది. 120 కాలప్రమాణంలో ఒక బీటు అర సెకను. పలు బ్యాండ్లు కలిసి అరవై మీటర్ల లోతున నిలబడితే వెనక శబ్దం ముందుకి రావడానికి 0.17 సెకను, బీటులో మూడో వంతు. ముందున్నవాళ్ళు వెనకనుంచి వచ్చే శబ్దానికి కలిపి వాయిస్తే అంతా కలిసి ప్రేక్షకుల్ని చేరుతుంది. వెనకున్నవాళ్ళు ముందువాళ్ళని విని వాయిస్తే ఆలస్యం రెట్టింపవుతుంది. అందుకే వెనక వరసకి ఇచ్చే ఆజ్ఞ ఒకటే: వినొద్దు, చూడు. నిలబడి వాయించే బ్యాండ్ ముందునుంచి కంటింజెంట్లు పోయేటప్పుడు, వంద మీటర్ల అవతల ఉన్నవాళ్ళకి మీ డ్రమ్ 0.29 సెకను ఆలస్యంగా అందుతుంది. వాళ్ళ కాళ్ళు మీకు తప్పు పడుతున్నట్టు కనిపిస్తాయి. వాళ్ళ కాళ్ళకి సర్దబోతే డయస్ ముందున్నవాళ్ళ అడుగు చెడుతుంది. దగ్గరున్న కాళ్ళతోనే ఉండండి.

కాలప్రమాణం మీ ఒంట్లో ఉండాలి. సైన్యాన్నిబట్టి, దళాన్నిబట్టి అది మారుతుంది: బ్రిటిష్ పదాతి దళాలకి నిమిషానికి 116, అమెరికాలో 120, బ్రిటిష్ లైట్ ఇన్‌ఫాంట్రీకి 140, ఫ్రెంచ్ ఫారిన్ లీజియన్‌కి 88. మీ దళానికి ఎంతో అంత, రోజుకి పదిసార్లు ఏ పనిలో ఉన్నా చేత్తో తొడమీద తట్టి, గడియారంతో సరిచూసుకోండి. కంగారులో 120 కాస్తా 128 అవుతుంది, ఎవరికైనా అవుతుంది. అప్పుడు కంటింజెంట్ నిమిషానికి ఆరు మీటర్లు అదనంగా పోవాలి, లేదా అడుగు కుదించాలి. పొడుగు కాళ్ళవాళ్ళు ముందుకీ పొట్టివాళ్ళు వెనక్కీ అయి వరస వంకర పోతుంది. ఆ నింద బ్యాండ్‌కే వస్తుంది, న్యాయంగానే వస్తుంది. బేస్ డ్రమ్ ఎవరి చేతికిస్తారన్నది మీరు తీసుకునే నిర్ణయాలన్నిటిలో పెద్దది. బాగా వాయించే కుర్రాడికి ఇవ్వకండి, తొణకని మనిషికి ఇవ్వండి.

వరస మలుపు తిరిగే లెక్క కూడా తెలిసి ఉండాలి. ఐదుగురు పక్కపక్కన, మనిషికీ మనిషికీ మీటరున్నర. బయటివాడు లోపలివాడికి ఆరు మీటర్ల దూరంలో ఉంటాడు. తొంభై డిగ్రీలు తిరగడానికి అతను తొమ్మిదిన్నర మీటర్లు, అంటే దాదాపు పదమూడు అడుగులు వెయ్యాలి. అంతసేపూ లోపలివాడు దాదాపు ఉన్నచోటే కాళ్ళాడించాలి. బయటి వైపు ట్యూబా పెడితే బరువుతో అతను వెనకబడతాడు. మలుపు ఏ వైపో చూసి వరస కూర్చండి. సాధన కూడా మెట్లుమెట్లుగా: ముందు వాద్యం లేకుండా నడక, తర్వాత నోటితో పాడుతూ నడక, ఆ తర్వాతే వాద్యం.

జాతీయ గీతాల దగ్గర మాత్రం ఒక్క పిసరు వెసులుబాటు తీసుకోకండి. 1854లో క్రిమియా యుద్ధకాలంలో టర్కీలోని స్కుటారిలో బ్రిటిష్ బ్యాండ్లన్నీ కలిసి తమ జాతీయ గీతం ఎత్తుకుంటే, ఒక్కో బ్యాండ్ ఒక్కో శ్రుతిలో, ఒక్కో కూర్పులో వాయించింది. అప్పటిదాకా ఏ దళానికి ఆ దళం తన బ్యాండ్‌మాస్టర్‌ని బయటినుంచి కుదుర్చుకునేది. ఆ అవమానం తర్వాతే 1857లో లండన్ దగ్గరి నెల్లర్ హాల్‌లో సైనిక సంగీత పాఠశాల మొదలైంది. మీరు వెళ్ళబోయే కోర్సు లాంటివి అలాంటి అవసరం నుంచి పుట్టినవే. అతిథి దేశపు గీతం వాయించాల్సి వస్తే ఆమోదించిన కూర్పు ఏదో, ఎంతసేపో రాతపూర్వకంగా తెప్పించుకోండి. ఇంటర్నెట్‌లో దొరికింది వాయించకండి, ప్రభుత్వం మారినప్పుడు గీతం మారిన దేశాలున్నాయి. జెండా ఎగరేసే మనిషికి మీ రికార్డింగు వారం ముందే ఇచ్చి తాడు లాగడం సాధన చేయించండి. జెండా కోసం గీతం ఆగదు.

అంత్యక్రియల కవాతుకి డ్రమ్ముల మీద గుడ్డ కప్పి, నెమ్మది నడక మార్చ్. అక్కడ అసలు బాధ్యత మోసేది బ్యూగిల్ వాయించే ఒంటరి మనిషి. ఒకే పొడవు గొట్టం మీద రెండో హార్మోనిక్ (పెదవి బిగువు మార్చితే అదే గొట్టంలో పలికే స్వరం) నుంచి ఆరో హార్మోనిక్ దాకా ఐదు స్వరాలు, వాల్వుల ఆసరా లేదు. అతను అరగంట చలిలో కదలకుండా నిలబడి, పెదవి చల్లబడ్డాక ఒకే ఒక్కసారి వాయించాలి. మౌత్‌పీస్ విప్పి పిడికిట్లో పట్టుకోమనండి. అవకాశముంటే చివరి నిమిషం దాకా ఎవరికీ కనిపించని చోట శబ్దం లేకుండా గాలి ఊదుతూ ఉండనివ్వండి. రెండో మనిషిని సిద్ధంగా ఉంచండి.

సీనియర్లకి తప్పు ఎలా చెప్పాలన్నారు. పేరు తీయకండి, పార్టు పేరు తీయండి. ఎక్కడ, ఏమిటి, ఎలా, ఈ మూడే చెప్పండి. "మూడో క్లారినెట్, 24వ బార్, రెండో బీటు ముందే వచ్చేస్తోంది, అక్కడ ఊపిరి తీసుకోకండి." పది సెకన్లు. తర్వాత వెంటనే వాయించడం. "ఇక్కడేదో బాలేదు, ఇంకోసారి" అంటే ఏం సరిచెయ్యాలో ఎవరికీ తెలియక అందరూ చిన్నబుచ్చుకుంటారు. ఒక సీనియర్‌కి నిజంగా చేతకావడం లేదని తేలితే అందరి ముందు మూడోసారి ఆపకండి. రిహార్సల్ అయ్యాక పార్టు మార్చే సంగతి విడిగా మాట్లాడండి, గౌరవంగా. సగం తప్పులు నిజానికి పార్టు కాగితంలోనే ఉంటాయి. ఆపేముందు స్కోరు చూసుకోండి. తప్పు మీదైతే వెంటనే "నాదే" అనేసి ముందుకి పోండి. జాన్ ఫిలిప్ సూసా పదమూడో ఏట శిక్షణకి చేరిన అమెరికా మెరైన్ బ్యాండ్‌కే 1880లో పాతికేళ్ళకి నాయకుడయ్యాడు. వయసు ఇక్కడ అడ్డం కాదు.

ఇక రోజువారీ జీవితం. పోడియం మీద గడిపే సమయం మీరు అనుకునేదాంట్లో నాలుగో వంతు ఉంటే గొప్ప. మిగతాది కార్యక్రమాల జాబితా, ప్రయాణ ఏర్పాట్లు, వాద్యాల రిజిస్టరు, ఎవరి చేతిలో ఏ నంబరు వాద్యం ఉందో, దాని ప్యాడ్లు ఎప్పుడు మార్చారో, రీడ్లూ వాల్వ్ ఆయిలూ డ్రమ్ తోళ్ళూ ఎంత నిల్వ ఉన్నాయో. యుద్ధ సమయంలో చాలా సైన్యాల్లో బ్యాండ్‌వాళ్ళు స్ట్రెచర్లు మోసే పనికి, గాయపడ్డవాళ్ళకి సాయానికి పోతారు. ఆ శిక్షణ బాధ్యత కూడా మీదే. పండుగలూ సెలవు రోజులూ మీకు పని రోజులు, ఇంట్లోవాళ్ళకి ముందే చెప్పి ఉంచండి. చెవుల్ని కాపాడుకోండి: 85 డెసిబెల్స్ దగ్గర ఎనిమిది గంటలు భరించదగ్గ హద్దు, ప్రతి మూడు డెసిబెల్స్‌కీ ఆ సమయం సగమవుతుంది. వంద దగ్గర పదిహేను నిమిషాలే. మూసిన గదిలో బ్రాస్ రిహార్సల్ వంద సులువుగా దాటుతుంది. సంగీతకారుల కోసం చేసే, అన్ని స్వరాలనీ సమానంగా తగ్గించే ఇయర్ ప్లగ్గులు కొనుక్కోండి. మామూలు స్పాంజి ప్లగ్గులు పై స్వరాలని మింగేసి మీ తీర్పునే చెడగొడతాయి.

ఎనిమిది నెలల్లో మొదటి మూడు ట్రాన్స్‌పోజిషన్‌కీ (ఏ వాద్యానికి ఏ స్వరం రాయాలన్న లెక్కకీ) చెవికీ ఇవ్వండి. తర్వాతి మూడు హార్మనీ, అరేంజింగ్, వారానికి పదహారు బార్లు రాసి స్నేహితులతో వాయించి వినడానికి. చివరి రెండు నెలలు మీ బ్యాండ్‌మాస్టర్‌ని అడిగి వారానికి ఇరవై నిమిషాల రిహార్సల్ తీసుకోండి. పరీక్షలో ఇచ్చే సమయం కూడా దాదాపు అంతే.

క్లారినెట్ మానకండి. రోజుకి కనీసం నలభై నిమిషాలు. ఎంపికలో వాద్య పరీక్ష కూడా ఉంటుంది, బాటన్ సాధనలో పడి దాన్ని వదిలేసి అక్కడే తప్పినవాళ్ళున్నారు. ఆరుబయట ప్లాస్టిక్ క్లారినెట్ వాడి, చెక్కది పరీక్షకి దాచుకోండి. పరీక్షకి రెండు వారాల ముందే నాలుగు రీడ్లు తీసి, రోజుకొకటి మార్చి వాయిస్తూ పదునెక్కించి పెట్టెలో పెట్టుకోండి.